థైరాయిడ్‌లో ఇంకా ఏం మిగిలిందని అడిగిన టెక్కలి అమ్మాయికి

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది టెక్కలి. ఆంధ్రా యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నావు. మీ అమ్మగారికి పదేళ్ళుగా థైరాయిడ్. మాత్ర మానలేదు, అయినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను తగ్గితే పెరిగే, పెరిగితే అణిగే పిట్యూటరీ గ్రంథి హార్మోను) ఒకసారి 2 వస్తుంది, ఇంకోసారి 11 వస్తుంది. అదెందుకో తేల్చుకోవాలన్న పట్టుదలతో ఈ జబ్బు మీదే పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నావు. వైజాగ్‌లో డాక్టరుగా ఉన్న మీ మేనమామేమో "అందులో ఏముందే, టీఎస్‌హెచ్ చూడ్డం, మాత్ర రాయడం. కనిపెట్టాల్సిందంతా ఎప్పుడో కనిపెట్టేశారు" అని తేల్చేశారు. ఎంబీబీఎస్ లేకుండా మెడికల్ సైంటిస్ట్ అవ్వచ్చా, ఎక్కడ చేరాలి, బతకడానికి సరిపడా డబ్బు వస్తుందా అన్నవి మిగతా ప్రశ్నలు.

నాది బొబ్బిలి. నువ్వు కూర్చునే డిపార్ట్‌మెంట్‌లోనే కూర్చుని, నీ దారిలోనే వచ్చినదాన్ని. ముప్పై ఏళ్ళకు పైగా నా పని థైరాయిడ్ హార్మోన్లు కొలవడం, కొలత తప్పినప్పుడు ఎందుకు తప్పిందో వెతకడం. రిటైరై విజయనగరంలో ఉంటున్నాను. మా చిన్నమ్మాయి కంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనేస్తున్నాను, ఏమీ అనుకోకు.

మీ మామయ్య మాటని కొట్టిపారెయ్యను. ఓపీకి రోజూ వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి నిజంగానే అది సరిపోతుంది. మాత్ర కథ పాతదే. 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే డాక్టరు, థైరాయిడ్ మందగించి ఒళ్ళంతా ఉబ్బిపోయిన ఒకావిడకి గొర్రె థైరాయిడ్ రసం సూదిమందుగా ఇచ్చాడు. ఆవిడ ఆ తర్వాత 28 ఏళ్ళు బతికింది. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ని, అంటే థైరాయిడ్ గ్రంథి తయారుచేసే టీ4 హార్మోనుని, స్ఫటికాలుగా విడదీశాడు. 1927కల్లా గ్రంథితో పని లేకుండా దాన్ని ల్యాబులోనే తయారుచెయ్యగలిగారు. అప్పుడు కూడా ఎవరో ఒకరు "ఇంకేం మిగిలింది" అనే ఉంటారు. 1952లో జాక్ గ్రాస్, రోజలిండ్ పిట్-రివర్స్ టీ3 అనే ఇంకా చురుకైన థైరాయిడ్ హార్మోనుని పట్టుకున్నారు. మింగిన టీ4 మన ఒంట్లో టీ3గా మారుతుందని మనుషుల్లో రుజువైంది 1970లో. అంటే నలభై ఏళ్ళకు పైగా, ఈ మందు ఒంట్లోకి వెళ్ళి ఏమవుతోందో పూర్తిగా తెలియకుండానే డాక్టర్లు రాస్తూ వచ్చారు, జనం బాగుపడుతూ వచ్చారు.

ఇంకా దగ్గరి సంగతి కావాలంటే, 2024 మార్చిలో అమెరికాలో రెస్మెటిరోమ్ అనే మందుకి అనుమతి వచ్చింది. కొవ్వు చేరి, వాచి, మచ్చకట్టడం మొదలైన లివర్‌కి అలా అనుమతి పొందిన మొదటి మందు అది. అది పోయి కూర్చునేది ఎక్కడనుకున్నావు? లివర్‌లో ఉండే థైరాయిడ్ హార్మోన్ రిసెప్టర్ మీద, అంటే హార్మోను వచ్చి అతుక్కునే ప్రోటీన్ మీద, అందులోనూ బీటా రకం మీద. గుండెలో ఎక్కువగా ఉండే ఆల్ఫా రకాన్ని పెద్దగా కదపదు. ఈ రిసెప్టర్ల జన్యువులు దొరికింది 1986లో. అప్పుడు ఆ పని చేసినవాళ్ళ మనసులో లివర్ మందు లేదు. మామయ్యకి ఈ సంగతి చెప్పు. డాక్టర్లకి కొత్త మందు పేరు చెప్తే కాస్త వింటారు.

సరే, అసలు విషయం. నేను చూసినంతలో ఈ రంగంలో కొత్త సంగతులు ఎక్కువగా ఒకే చోట దొరికాయి. రిపోర్టులో అంకె ఒకటి చెప్తుంటే, ఎదురుగా కూర్చున్న మనిషి ఇంకొకటి చెప్తున్న చోట. ఓపీలో వంద మంది బయట కూర్చుని ఉన్నప్పుడు డాక్టరుకి అది చికాకు. మనకి అదే పని.

1967లో శామ్యూల్ రెఫెటాఫ్, తన సహచరులతో కలిసి ఒక కుటుంబం గురించి రాశాడు. పిల్లలకి పుట్టుచెవుడు, మాట రాలేదు. గొంతు వాపు ఉంది. రక్తంలో హార్మోను బాగా ఎక్కువ. అప్పట్లో టీ4ని నేరుగా కాక, రక్తంలో ప్రోటీన్‌కి అంటుకున్న అయోడిన్ కొలిచి లెక్క కట్టేవారు. ఆ అంకె ప్రకారం ఆ పిల్లలకి గుండె దడ, చెమటలు ఉండాలి, బరువు తగ్గిపోవాలి. అవేవీ లేవు. ఎముకలు చూస్తే హార్మోను చాలని పిల్లల్లో లాగా ఎదుగుదల వెనకబడి ఉంది. కొలతలో ఏదో తప్పొచ్చిందని పక్కన పడెయ్యడం చాలా తేలిక. వాళ్ళు పడెయ్యలేదు. హార్మోను ఉంది గానీ ఒళ్ళు దాని మాట వినడం లేదేమో అని రాశారు. రిసెప్టర్ అన్నది ఇంకా దొరకని రోజులవి. దాదాపు పాతికేళ్ళ తర్వాత, ఆ కుటుంబంలో బీటా రిసెప్టర్ జన్యువే లేదని తేలింది. ఆ పిల్లల తల్లిదండ్రులు దగ్గరి బంధువులు. మేనరికాలు మామూలైన మన వైపు ఈ సంగతి ఎందుకు గుర్తుపెట్టుకోవాలో వేరే చెప్పక్కర్లేదు.

బీటా కథ అదైతే, ఆల్ఫా కథ ఇంకా గమ్మత్తు. ఆల్ఫా చెడిన పాపని మొదటిసారి గుర్తించింది 2012లో. ఆరేళ్ళ పిల్ల. ఎదుగుదల లేదు, తీవ్రమైన మలబద్ధకం. చూస్తే ఎవరైనా థైరాయిడ్ మందగించిందనే అంటారు. టీఎస్‌హెచ్ మాత్రం మామూలుగా ఉంది. జన్యువు దొరికాక పాతికేళ్ళకు పైగా పట్టింది ఒక్క మనిషిని కనిపెట్టడానికి. అలాంటి పిల్లలు అంతకుముందు మాత్రం లేరా? ఉన్నారు. టీఎస్‌హెచ్ నార్మల్ అని చూసి ఇంటికి పంపించేశాం.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను.

పీహెచ్‌డీ మూడో ఏడు, ఢిల్లీలో. అప్పట్లో హార్మోన్లని రేడియో ఇమ్యునో ఎస్సేతో కొలిచేవాళ్ళం. హార్మోనుకి రేడియోధార్మికమైన అయోడిన్-125 తగిలిస్తారు. దాని అర్ధ జీవితకాలం దాదాపు 60 రోజులు కాబట్టి కిట్ వచ్చిన రోజు నుంచే పరుగు. రాత్రీ పగలూ ట్యూబులే లోకం. ఒక బ్యాచ్‌లో పదకొండేళ్ళ పిల్లాడి శాంపిల్ వచ్చింది. టీ4 బాగా ఎక్కువ. అలాంటప్పుడు టీఎస్‌హెచ్ అణిగిపోయి ఉండాలి కదా, మామూలుగా ఉంది. రెండోసారి చేశాను, అదే. నోట్‌బుక్‌లో "శాంపిల్ బాగులేదు" అని రాసి ట్యూబు పారేశాను. శాంపిల్‌కి ఏ రోగమూ లేదు. నా థీసిస్ గ్రాఫులో ఆ చుక్క గీత మీద పడలేదు, అంతే.

ఎనిమిది నెలల తర్వాత సెమినార్‌లో మా గైడ్ ఈ రెసిస్టెన్స్ కుటుంబాల (హార్మోను ఉన్నా ఒళ్ళు దాని మాట వినని కుటుంబాల) గురించి చెప్తూ, మన దగ్గర ఇలాంటివి వస్తున్నాయా అని అందరినీ అడిగారు. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. సాయంత్రం ఆయన గదికి వెళ్ళి చెప్పాను. తిట్టలేదు. "ట్యూబు ఎక్కడ?" అని మాత్రం అడిగారు. ఆ ఒక్క మాటకి తిట్టినా బాగుండేదనిపించింది. రిజిస్టర్‌లో పిల్లాడి అడ్రసు వెతికి రెండు ఉత్తరాలు రాశాం, జవాబు రాలేదు. హార్మోను ఎక్కువుందని ఎక్కడో ఎవరో మందులు మొదలుపెట్టి, వాడి ఒళ్ళు కష్టపడి సర్దుకున్నదాన్ని కాస్తా చెడగొట్టారేమోనన్న ఆలోచన చాలా ఏళ్ళు వదల్లేదు. అప్పటి నుంచి నా ఫ్రీజర్‌లో "మాట కలవనివి" అని తెలుగులో రాసిన డబ్బా ఒకటి ఉండేది. ఢిల్లీలో ఎవరికీ ఆ అక్షరాలు రావు కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు, అదొక లాభం.

ఆ డబ్బాలో చేరినవాటిలో ఎక్కువ భాగం చివరికి కొలత తేడాలే అని తేలింది. అలాగని కొలత తేడా అంటే చిన్నచూపు చూడకు. మొన్నామధ్య మా వీధిలో ఒక టీచరమ్మ రిపోర్టు పట్టుకొచ్చారు. టీఎస్‌హెచ్ దాదాపు సున్నా, టీ4 ఎక్కువ. థైరాయిడ్ ఎక్కువైపోయిందని ఇంట్లో అందరికీ టెన్షన్. మనిషిని చూస్తే నిమ్మళంగా ఉన్నారు. చెయ్యి వణకట్లేదు, నాడి మామూలుగా కొట్టుకుంటోంది. ఏం మందులు వాడుతున్నారని అడిగితే ఏమీ లేవన్నారు. "జుట్టుకేమైనా?" అంటే అప్పుడు బయటపడింది. జుట్టు రాలుతోందని రోజూ 10 మిల్లీగ్రాముల బయోటిన్ అనే విటమిన్ మాత్ర! చాలా మెషిన్లలో ఈ పరీక్ష నడిచేదే బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ ఒకదాన్నొకటి పట్టుకోవడం మీద. రక్తంలో విడిగా బయోటిన్ నిండిపోతే, శాండ్‌విచ్ పద్ధతిలో చేసే టీఎస్‌హెచ్ లేనిపోని తగ్గుదల చూపిస్తుంది. పోటీ పద్ధతిలో చేసే టీ4 లేనిపోని పెరుగుదల చూపిస్తుంది. ఎందుకో కాగితం మీద నువ్వే గీసి చూడు, ఎమ్మెస్సీ వాళ్ళకి మంచి లెక్క. మాత్ర రెండు రోజులు మాని మళ్ళీ చేయించమన్నాను. అన్నీ మామూలుగా వచ్చాయి.

అంకె మాత్రమే కాదు, మనిషి కూడా ఉండాలి అనడానికి మన వైపు నుంచే ఒక పెద్ద మనిషి ఉన్నారు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వులిమిరి రామలింగస్వామి. పేరు వినే ఉంటావు, వినకపోతే మన చదువుల తప్పు. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో డాక్టరీ చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి, కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో పాథాలజిస్టుగా పనిచేశారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో పాథాలజీ ప్రొఫెసర్, 1969 నుంచి పదేళ్ళు దానికి డైరెక్టర్. 1979లో దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కి డైరెక్టర్ జనరల్. 1986లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో. పదవుల జాబితా ఇంకా ఉంది గానీ నీకు కావాల్సింది అది కాదు, కాంగ్రా లోయ.

కాంగ్రా ఇప్పుడు హిమాచల్‌లో ఉంది, అప్పట్లో పంజాబ్‌లో ఉండేది. ఆ లోయలో ఎక్కడ చూసినా గొంతు కింద వాపున్న మనుషులే. అయోడిన్ లేకే ఇది వస్తుందని అప్పటికే అనుకుంటున్నారు. అయితే అనుకోవడం వేరు, ఒక ప్రభుత్వాన్ని కదిలించేలా చూపించడం వేరు. 1956లో రామలింగస్వామి, సూచ్ వంటి సహచరులతో కలిసి, లక్ష మంది దాకా ఉన్న ఆ ప్రాంతాన్ని మూడు ముక్కలు చేశారు. ఒక భాగానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, ఇంకో భాగానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు, మధ్య భాగానికి మామూలు ఉప్పు. అందరూ తినే ఉప్పే, అందరూ కొనే దారిలోనే. ఆరేళ్ళు తిరిగేసరికి అయోడిన్ ఉప్పు తిన్న రెండు భాగాల్లో గొంతు వాపులు సగానికి, ఇంకా కిందికి పడిపోయాయి. మామూలు ఉప్పు తిన్న భాగంలో తగ్గలేదు. అది చూశాక ఆ మధ్య భాగానికి కూడా అయోడిన్ ఉప్పు ఇచ్చేశారు. అక్కడా తగ్గింది. 1962లో దేశంలో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది ఈ పని బలం మీదే.

నాకు ఇందులో నచ్చేది ఏమిటంటే, ఆయన వృత్తి మైక్రోస్కోపు కింద కణజాలం చూడటం. గాజు పలక మీద థైరాయిడ్ ముక్క చూసి బ్రహ్మాండమైన పేపర్లు రాసుకుంటూ ఉండిపోవచ్చు. లోయలోకి దిగి, ఏ కొట్టుకి ఏ ఉప్పు బస్తా వెళ్తోందో చూసుకోవాల్సిన పని పెట్టుకున్నారు. పరిశోధన అంటే ఖరీదైన మెషినే అనుకునేవాళ్ళు ఇది చదవాలి.

కథ అక్కడితో ఆగలేదు. తర్వాతి తరం వాళ్ళు ఎయిమ్స్ నుంచే వెళ్ళి, ఉత్తరప్రదేశ్‌లో హిమాలయాల కింది తరాయి జిల్లాల్లో అప్పుడే పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తంలో హార్మోన్లు కొలిచారు. చాలామంది పసిపిల్లల్లో పుట్టేసరికే హార్మోను తక్కువ. అంటే నష్టం గొంతులో కనబడేదాని కంటే ముందే, మెదడులో జరుగుతోంది. "గొంతు వాపు కార్యక్రమం" అన్న పేరు 1992లో "అయోడిన్ లోప రుగ్మతల కార్యక్రమం" అయింది. పేరు మార్పు ఆఫీసు వ్యవహారంలా కనిపిస్తుంది గానీ, ఆ పేరు మారడానికి ముందు ఎన్ని వేల గాజు ట్యూబులు తిరిగాయో మాలాంటి వాళ్ళకి తెలుసు.

నువ్వు టెక్కలి అమ్మాయివి కాబట్టి నౌపడ ఉప్పు మడులు చూసే ఉంటావు. "సముద్రపు ఉప్పు కదమ్మా, అయోడిన్ దాన్లోనే ఉంటాది" అని మన వైపు చాలామంది నాతో వాదించారు. సముద్రం ఉప్పు ఆరబెడితే అందులో మిగిలే అయోడిన్ చాలా కొద్ది. ప్రత్యేకంగా కలపాల్సిందే. ఇంటికి చేరేసరికి కిలోకి కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలన్నది మన దేశంలో పద్ధతి, కాబట్టి ఫ్యాక్టరీ దగ్గర అంతకంటే ఎక్కువే కలపాలి. మధ్యలో తేమ, ఎండ, తడి చెయ్యి పెట్టడం, మూతలేని జాడీ తినేస్తాయి. అయొడైడ్ కంటే అయొడేట్ మన ఉక్కపోతకి బాగా తట్టుకుంటుంది కాబట్టి మనం కలిపేది అదే. నేను డబ్బు తీసుకుని చేసిన మొదటి పని ఉప్పు టైట్రేషన్. ఉప్పు నీళ్ళల్లో యాసిడ్, పొటాషియం అయొడైడ్ వేస్తే అయోడిన్ బయటికొస్తుంది. గంజి చుక్క వేస్తే నీలం. సోడియం థయోసల్ఫేట్ చుక్కచుక్కగా వేస్తూ నీలం పోయేదాకా లెక్కపెట్టడం. రోజుకి అరవై శాంపిళ్ళు చేసి, రాత్రి కలలో కూడా నీలమే వచ్చేది. ఇదంతా పెద్ద సైన్సు కాదని అప్పుడు ఏడ్చేదాన్ని. తర్వాత మూత్రంలో అయోడిన్ కొలవాల్సి వచ్చినప్పుడు ఆ చెయ్యే కాపాడింది. అక్కడ పసుపు రంగు సీరియం ఎంత త్వరగా వెలిసిపోతుందో (అయోడిన్ ఎక్కువుంటే అంత త్వరగా) సెకన్లతో చూడాలి, ఇంకోపక్క ఆర్సెనిక్‌తో జాగ్రత్తగా ఉండాలి. ఇంకో సంగతి, ఒక మనిషి మూత్రంలో ఒక రోజు అయోడిన్ చూసి ఆ మనిషి గురించి ఏమీ చెప్పలేం. పొద్దున్న తిన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఊరంతటి మధ్యస్థం లీటరుకి 100 మైక్రోగ్రాముల కిందికి దిగితే అప్పుడు ఆ ఊరి గురించి మాట్లాడాలి. ఈ తేడా తెలియక ప్రైవేటు ల్యాబుల్లో డబ్బులు పోసేవాళ్ళని చూస్తే బాధ.

ఇంక నీ దారి సంగతి. ఎంబీబీఎస్ లేకుండా అవ్వచ్చా అంటే, కెండాల్ కెమిస్టు, పిట్-రివర్స్ బయోకెమిస్టు. రేడియో ఇమ్యునో ఎస్సేకి 1977లో వైద్య నోబెల్ తీసుకున్న రోజలిన్ యాలో ఫిజిక్స్ మనిషి. లోటు ఒకటుంది, అది దాచను. పేషెంట్ నీ దగ్గరికి రాడు. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) ఒకరితో నిజమైన స్నేహం కుదరాలి, రక్తం ట్యూబు పంపించే స్నేహం కాదు, "ఈవిడ రిపోర్టు నాకు నచ్చలేదు, వచ్చి చూడండి" అని ఫోన్ చేసే స్నేహం. మనుషుల శాంపిల్ ముట్టుకోవాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. వాటికే మొదటి ఏడాది సగం పోతుంది, ముందే మనసులో వేసుకో.

సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, డీబీటీ జేఆర్ఎఫ్ లాంటి, పరిశోధనకి ఫెలోషిప్ ఇచ్చే పరీక్షలు ఏవి జరిగితే అవి అన్నీ రాయి. ఫెలోషిప్ 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, పైన ఇంటద్దె. ఒక్కదానివి బతకొచ్చు. సకాలంలో పడుతుందని మాత్రం నమ్మకు, మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకో. హైదరాబాద్‌లో పోషకాహార సంస్థ ఎన్ఐఎన్, సీసీఎంబీ ఉన్నాయి. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, లక్నో ఎస్జీపీజీఐ, వేలూరు సీఎంసీల్లో ఎండోక్రైనాలజీ గట్టిది. ముంబైలో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ థైరాయిడ్‌కి పేరున్నది. అయితే సంస్థ పేరు చూసి చేరొద్దు, గైడ్‌ని చూసి చేరు. ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు అక్కడి పాత విద్యార్థులు ఇప్పుడేం చేస్తున్నారో కనుక్కో, ఫ్రీజర్ చూపించమని అడుగు. పదేళ్ళ కిందటి శాంపిల్ పేరు, తేదీతో దొరికితే మంచి చోటు. నీ ఎంబీబీఎస్ స్నేహితులెవరికైనా ఇంట్రస్టు ఉంటే, ఐసీఎంఆర్ 1979లో మొదలుపెట్టిన స్వల్పకాల విద్యార్థి పరిశోధన పథకం ఉంది, రెండు నెలల ప్రాజెక్టు. పెళ్ళి ఎప్పుడని అడిగేవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు. మా అమ్మకి కూడా నేను చెప్పలేకపోయాను.

ఏ ప్రశ్న మీద పనిచెయ్యాలన్నది అన్నిటికంటే ముఖ్యం. దానికి దూరం వెళ్ళక్కర్లేదు.

ఉద్దానం తీసుకో. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు. అక్కడి కిడ్నీ జబ్బు గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. కిడ్నీ దెబ్బతింటే థైరాయిడ్ బాగానే ఉన్నా రక్తంలో టీ3 తగ్గుతుంది. ఇటు నుంచి చూస్తే, థైరాయిడ్ మందగించినవాళ్ళకి క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగేది) పెరుగుతుంది, మాత్ర వేస్తే దిగుతుంది. ఇప్పుడు కవిటి నుంచి ఒక కొబ్బరితోట కూలీ వచ్చాడు, టీఎస్‌హెచ్ 9, క్రియాటినిన్ 1.8, రెండూ ఎక్కువే. ఇందులో ఎంత కిడ్నీది, ఎంత థైరాయిడ్‌ది? పైగా అయోడిన్ బయటికి పోయేదే కిడ్నీ ద్వారా, కాబట్టి వాళ్ళ మూత్రంలో అయోడిన్ అంకెని మామూలు కొలబద్దతో చూడకూడదు. జాగ్రత్తగా కొలిచే మనిషి రెండేళ్ళు అక్కడ కూర్చుంటే తేలే ప్రశ్న ఇది.

ఇంకోటి పసిపిల్లలు. 1970లలో కెనడాలో జాన్ డస్సో, కాగితం మీద ఎండబెట్టిన రక్తపు చుక్కతో పుట్టిన ప్రతి బిడ్డకీ థైరాయిడ్ చూడొచ్చని చూపించాడు. మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలైతే ఆ బిడ్డ మెదడు మామూలుగా ఎదుగుతుంది. ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు. మన దేశంలో ఈ లోపం వెయ్యి మందికి ఒకరు దరిదాపుల్లో కనబడుతోంది, పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువ. మేనరికపు కుటుంబాల్లో అయితే గ్రంథి ఉండి కూడా హార్మోను తయారుచెయ్యలేని రకం ఎంత ఉందో జన్యువుల దాకా వెళ్ళి చూడాలి. పని కష్టం ఎక్కడంటే, పుట్టిన వెంటనే టీఎస్‌హెచ్ ఒక్కసారిగా ఎగుస్తుంది, కాబట్టి రెండు రోజులు ఆగి తియ్యాలి. మన దగ్గర ఆ లోపే తల్లిని డిశ్చార్జి చేసేస్తారు. పార్వతీపురం కొండల మీది ఊరికి వెళ్ళిపోయిన తల్లిని ఎలా వెతుకుతావు? వానాకాలంలో ఆ కాగితం చుక్క ఎండేదెలా? ఇవి చూడటానికి చిన్నగా ఉంటాయి, స్క్రీనింగ్ చచ్చిపోయేది ఇక్కడే.

మూడోది, మా ఇంటి ముందు కూడా వినబడేది. "మాత్ర ఏసుకుంటన్నాను మేడమ్మా, రిపోర్టు బాగుందంటన్నారు, నీరసం మాత్రం పోలేదు." మాత్ర వేసుకునే పదిమందిలో ఒకరు దరిదాపు ఈ మాటంటారు. టీ4ని టీ3గా మార్చే ఎంజైముల్లో తేడా అని ఒక వాదన, నీరసానికి వేరే కారణం ఉండి థైరాయిడ్ మీదికి నెడుతున్నామని ఇంకో వాదన. నాకు రెండోదే ఎక్కువసార్లు నిజమైంది, హిమోగ్లోబిన్ 8 ఉన్న ఆడవాళ్ళని ఎంతమందిని చూశానో! మీ మామయ్య ఇంకా వాదిస్తే 2017లో యూరప్‌లో వచ్చిన ఫలితం చెప్పు. 65 దాటి, టీఎస్‌హెచ్ కొద్దిగా మాత్రమే పెరిగిన 737 మందిలో సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏడాది తర్వాత నీరసంలో తేడా లేదు. టీఎస్‌హెచ్ చూసి మాత్ర రాసేయడమే అయితే ఆ 737 మందికీ రాసేసేవాళ్ళం.

చివరిగా మీ అమ్మగారి 2, 11. నేను డాక్టర్ని కాదు, డోసు మాట డాక్టరుగారితోనే. అయితే ఇది నీ మొదటి ప్రాజెక్టు అనుకుని మొదలుపెట్టు. పదేళ్ళ రిపోర్టులన్నీ ఒక చోట పెట్టు. ఏ ల్యాబు, ఏ పద్ధతి, రక్తం తీసిన టైము రాయి. టీఎస్‌హెచ్ రాత్రి ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గుతుంది. డోసు మార్చిన ఆరు వారాల లోపు చేసిన పరీక్షలుంటే పక్కన గుర్తు పెట్టు, టీ4 సగం తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి అవి నమ్మలేం. తర్వాత ఇంట్లో సంగతి. మాత్ర వేసుకున్నాక టీకి ఎంత సేపు ఆగుతున్నారు? ఐరన్, కాల్షియం మాత్రలు నాలుగు గంటల దూరంలో ఉన్నాయా? గ్యాస్ మాత్ర ఎప్పుడు మొదలైంది? మాత్రల సీసా వంటింట్లో పొయ్యి పక్కన ఉందా? కార్తీక మాసం ఉపవాసాల్లో మానేస్తారా? మాత్రలు రెండు వారాలు మరిచిపోయి, పరీక్షకి రెండు రోజుల ముందు గుర్తొచ్చి వేసుకుంటే, టీ4 బాగానే కనబడుతుంది, టీఎస్‌హెచ్ మాత్రం 11 దగ్గరే ఉంటుంది. ఆ రిపోర్టుల్లో టీ4 కూడా చేయించి ఉంటే ముందు అదే చూడు.

ఇవేవీ అమ్మని ఒకేసారి కూర్చోబెట్టి అడక్కు. ఎవరైనా "రోజూ వేసుకుంటున్నాను" అనే చెప్తారు. నెలకి సరిపడా మాత్రలు లెక్కపెట్టి సీసాలో పోసి, నెలాఖరున మిగిలినవి లెక్కపెట్టు. లెక్క రాసుకున్నాక మళ్ళీ ఇక్కడే రాయి, చూద్దాం.